శిలాఫలకం మీదికి ఎక్కని ఖర్చు

నెల్లూరు జిల్లా విడవలూరు వాళ్ళు విమానం ఎక్కాలంటే ఒకటి చెన్నై, లేదా రేణిగుంట. గల్ఫ్‌కో అమెరికాకో పోయే పిల్లలున్న ఇళ్ళకైతే చెన్నై తప్పదు. కోవూరు దగ్గర హైవే ఎక్కి, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి, అక్కడి ట్రాఫిక్‌లో పడి మీనంబాక్కం చేరేసరికి రెండొందల కిలోమీటర్ల దాకా అవుతుంది. అలాంటిది గంటలోపు దూరంలో, దగదర్తిలో, విమానాశ్రయం వస్తుందంటే ఎవరు కాదంటారు? కాదనాల్సిన పనీ లేదు. అయితే ఆ కబురు పుట్టి ఇన్నేళ్ళయినా ఇక్కడి చర్చంతా వస్తుందా రాదా, ఎవరు తెచ్చారు, ఎవరు ఆపారు అన్న చోటే తిరుగుతోంది. వచ్చిన విమానం క్షేమంగా దిగడానికి ఎవరి డబ్బు, దేనిమీద ఖర్చు కావాలన్న మాట మాత్రం రచ్చబండ మీదా వినపడదు, అసెంబ్లీలోనూ వినపడదు.

కేంద్రం 2008లో గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయాల విధానం తెచ్చింది. దాని కింద సూత్రప్రాయ ఆమోదం పొందిన 21 విమానాశ్రయాల జాబితా పార్లమెంటు జవాబుల్లో ఏళ్ళ తరబడి అచ్చవుతూ వచ్చింది. అందులో మనవి మూడు: భోగాపురం, ఓర్వకల్లు, దగదర్తి. ఓర్వకల్లును రాష్ట్ర ప్రభుత్వమే కట్టి 2021 మార్చిలో ప్రారంభించింది. భోగాపురానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది, జీఎంఆర్ సంస్థ నిర్మాణం చేపట్టింది. దగదర్తికి 2019 ఎన్నికల ముందు శిలాఫలకం వేశారు. ప్రభుత్వం మారింది, కాంట్రాక్టు రద్దయింది. గుడ్లూరు మండలం తెట్టు దగ్గరైతే రామాయపట్నం ఓడరేవుకు అనువుగా ఉంటుందన్నారు. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, మళ్ళీ దగదర్తి అన్నారు. మధ్యలో భూములిచ్చినవాళ్ళు, ఇవ్వాల్సినవాళ్ళు పట్టాదారు పుస్తకాలు చేతబట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఆ గ్రీన్‌ఫీల్డ్ విధానంలోనే ఒక మెలిక ఉంది. ఉన్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్లలోపు కొత్తది కట్టాలంటే, పాతదాని మీద పడే ప్రభావాన్ని విడిగా తూచి చూడాలి. గగనమార్గంలో రేణిగుంట దగదర్తికి ఆ గీత లోపలే ఉంది. కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న ప్రయాణికులు. కృష్ణపట్నం, రామాయపట్నం, శ్రీసిటీ, రొయ్యల ఎగుమతి అని లెక్కలు చెబుతారు. అవి వట్టి మాటలేం కావు. రొయ్య మాత్రం గడ్డకట్టించిన కంటైనర్లలో ఓడెక్కిపోతుంది, దానికి విమానం అక్కర్లేదు.

ఉడాన్ అనుభవం చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. విజయనగరం రాజావారు అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉండగా 2016లో వచ్చిన పథకమది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించని టిక్కెట్టు, నష్టపోయే సంస్థకు మూడేళ్ళ పాటు సర్కారు సాయం, ఆ సాయానికి డబ్బు పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్, రామ్‌చరణ్ ప్రచారకర్తగా ఉన్న సంస్థ, 2022 నాటికి ఆగిపోయింది. 2023లో కాగ్ బయటపెట్టిన లెక్క ఇంకా సూటిగా ఉంది. మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ నిలిచినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. పథకం వల్ల లాభం లేదని నేననను. కడప, కర్నూలు వంటి ఊళ్ళకు ఆకాశం తెరుచుకుంది దానివల్లే. కానీ విమానాలు రాని విమానాశ్రయానికి కూడా అగ్నిమాపక సిబ్బంది, వాతావరణ పరిశీలకులు, టవర్, కాపలా కావాలి. విమానం వారానికి మూడుసార్లు వచ్చినా జీతాలు నెలనెలా ఇవ్వాల్సిందే. రాబడి లేనిచోట ముందు కత్తెర పడేది ఈ ఖర్చుల మీదే.

కట్టడాలకు మాత్రం డబ్బు కొదవ లేదు. 2019–20 నుంచి ఐదేళ్ళలో విమానాశ్రయాల మీద ప్రభుత్వ, ప్రైవేటు రంగాలు కలిసి దాదాపు 98,000 కోట్ల పెట్టుబడి పెట్టాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వంతు 25,000 కోట్ల దాకా. 2014లో 74 ఉన్న విమానాశ్రయాలు పదేళ్ళలో రెట్టింపు దాటాయి. ఇదే కాలంలో కాపలా కాసే సంస్థల సంగతేమిటి? 2025–26 బడ్జెట్లో మూలధన వ్యయం కింద విమానయాన భద్రతను చూసే డీజీసీఏకు 30 కోట్లు, ప్రమాదాల దర్యాప్తు బ్యూరోకు 20 కోట్లు, బందోబస్తు చూసే బీసీఏఎస్‌కు 15 కోట్లు. ఈ తూకం సరిగా లేదని పార్లమెంటు స్థాయీసంఘమే ఎత్తిచూపింది. అదే సంఘం 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీలున్నాయని, విమానాల రాకపోకలు నడిపించే ఏటీసీ కంట్రోలర్లు చాలక ఉన్నవాళ్ళ మీద భారం పడుతోందని రాసింది. అహ్మదాబాద్‌లో జూన్ 12న ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయిన రెండు నెలలకు వచ్చిన నివేదిక అది. ఆ ప్రమాదం కారణాలు వేరు, విచారణ వేరు. కానీ తనిఖీ చేసేవాళ్ళే సగం మంది లేని చోట తనిఖీ ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు ఏ కారణంతోనూ పని లేదు.

ఇప్పుడు నేలమీది సంగతి వదిలి పైకి చూద్దాం. రామతీర్థం ఒడ్డున నిలబడితే నెత్తిమీద తెల్లగీత గీసుకుంటూ పోయే విమానాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని మన దేశంలో దిగేవి కూడా కావు. ఆ విమానాలతో మాట్లాడేది చెన్నై కంట్రోల్. దేశపు ఆకాశాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద సమాచార ప్రాంతాలుగా పంచారు, మన తీరం చెన్నై కిందికి వస్తుంది. దిగకుండా పైనుంచి పోయే విమానం కూడా బరువునూ దూరాన్నీ బట్టి మార్గ సదుపాయ రుసుం కట్టాలి. దిగేదైతే టెర్మినల్ నావిగేషన్ రుసుం అదనం. ఆకాశ వ్యవస్థకు ప్రధానంగా ఇదే రాబడి, ఇది అథారిటీ చేతికి పోతుంది. శంషాబాద్ జీఎంఆర్‌ది, అహ్మదాబాద్ అదానీది అయినా టవర్లో కూర్చునే కంట్రోలర్ మాత్రం అథారిటీ ఉద్యోగే. దగదర్తిని రేపు ఎవరు కట్టినా ఆ పని కోసం అథారిటీతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సిందే.

ఒడ్డునుంచి రాడార్ చూపు నాలుగైదు వందల కిలోమీటర్లకు మించదు. అది దాటాక బంగాళాఖాతం మీద విమానం కంట్రోలర్ తెరమీద నిజంగా కనపడదు. నిన్నమొన్నటి దాకా పైలట్లు గరగరలాడే హెచ్ఎఫ్ రేడియోలో తామెక్కడున్నామో చెబితే ఇక్కడ కాగితపు స్ట్రిప్ మీద రాసుకుని, తర్వాతి చోటుకు ఎన్నింటికి చేరతారో లెక్కగట్టేవాళ్ళు. ఇప్పుడు ఉపగ్రహం ద్వారా విమానమే తన స్థానం పంపుతుంది, ఆదేశాలు అక్షరాల్లో పోతాయి. ఖర్చు పెట్టినందుకు లాభం ఏమిటో ఇక్కడ తెలిసిపోతుంది. రాడార్ చూపులో రెండు విమానాల మధ్య ఐదు నాటికల్ మైళ్ళ ఎడం చాలు, సముద్రం మీద యాభై దాకా ఉంచాల్సి వస్తుంది. ఎడం తగ్గేకొద్దీ అదే ఆకాశంలో ఎక్కువ విమానాలు పడతాయి, మంచి ఎత్తు దొరుకుతుంది, ఇంధనం కలిసొస్తుంది. 2003 నవంబరులో నిలువు ఎడాన్ని రెండువేల అడుగుల నుంచి వెయ్యికి తగ్గించినప్పుడు ఎవరూ రిబ్బను కత్తిరించలేదు, కానీ పై ఆకాశంలో వాడుకోగల ఎత్తులు దాదాపు రెట్టింపయ్యాయి.

ఈ ఎడం లెక్క తప్పితే ఏమవుతుందో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాలు చూశాయి. సౌదీ విమానం 14,000 అడుగులకు ఎక్కుతోంది, కజకిస్థాన్ విమానం 15,000 దగ్గర ఆగాలి. ఆగలేదు, ఇంకా కిందికి వచ్చింది. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఢిల్లీలో అప్పుడు ఒకటే దారి. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే రాడార్ ఇంకా పూర్తిగా వాడకంలోకి రాలేదు. ప్రమాదం తర్వాతే రాకపోకల దారులు వేరుచేశారు, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టే టీక్యాస్ పరికరం తప్పనిసరి చేశారు. కొనాల్సినవి తెలియకా కాదు, డబ్బు లేకా కాదు. అప్పటిదాకా అది అత్యవసరమని ఎవరికీ అనిపించలేదు.

గగన్ కథ ఇంకో రకం. అథారిటీ, ఇస్రో కలిసి 774 కోట్లతో చేసిన వ్యవస్థ ఇది. జీపీఎస్ సంకేతంలో తప్పును సరిదిద్ది, నేలమీద ఖరీదైన పరికరాలు లేని రన్‌వేకు కూడా విమానాన్ని కచ్చితంగా దింపుకురాగలదు. మన ఆకాశంలో అయనావరణం భూమధ్యరేఖ ప్రభావంతో పగలూ రాత్రీ చెదురుతూ ఉంటుంది, దాన్ని తట్టుకునేలా చేయడమే అసలు కష్టం. శ్రీహరికోట మన పక్కనే ఉన్నా ఆ పరికరాలు మోసిన జీశాట్-8, 10, 15 మూడూ బరువెక్కువై ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ల మీద పోయాయి. 2015లో అనుమతులు పూర్తయ్యాయి. దాని సాయంతో తొలిసారి ఇండిగో ఏటీఆర్ రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది 2022 ఏప్రిల్‌లో. ఏడేళ్ళు! విమానాల్లో పరికరం ఉండాలన్న గడువు పలుమార్లు వాయిదా పడింది. ఎయిర్‌లైన్లు ఖర్చన్నాయి, ప్రభుత్వం సరేనంది. నాకు తోచినంతవరకు దగదర్తి లాంటి చోటికి గగన్ కంటే చవకైన భద్రత లేదు. చిన్న విమానాశ్రయం రన్‌వేకు దారి చూపే ఐఎల్ఎస్ యాంటెనాలు కొని, వాటిని పరీక్షా విమానంతో క్రమం తప్పకుండా సరిచూసుకునే ఖర్చు భరించలేనప్పుడు పైనున్న ఉపగ్రహం ఊరికే పలుకుతోంది కదా.

పాత యంత్రాలతో నెట్టుకురావడం పేదదేశాల గొడవ అనుకుంటే పొరపాటు. 2025 నవంబరులో ఢిల్లీలో విమాన ప్రణాళికల సందేశాలు పంపే ఏఎంఎస్ఎస్ వ్యవస్థ మొరాయించింది. కంట్రోలర్లు వాటిని చేత్తో నింపుతూ కూర్చున్నారు, ఎనిమిది వందలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అదే ఏడు అమెరికాలో జనవరి 29న వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నది మీద ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. ఏప్రిల్‌లో న్యూవార్క్‌కు వచ్చే విమానాలను చూసే కంట్రోలర్లకు ఒకటిన్నర నిమిషం పాటు తెరలూ రేడియోలూ చచ్చిపోయాయి. అక్కడి ఏటీసీ కేంద్రాల్లో ఇంకా ఫ్లాపీ డిస్కులు వాడుతున్నారని అధికారులే ఒప్పుకున్నారు. జూలైలో ఆ దేశం కంట్రోల్ వ్యవస్థకని 1,250 కోట్ల డాలర్లు చట్టంలో రాసింది. అక్టోబరులో బడ్జెట్ తగాదా వచ్చి ప్రభుత్వం మూతపడింది, కంట్రోలర్లు నెలకు పైగా జీతం లేకుండా డ్యూటీ చేశారు. మన పిల్లలు డాలస్‌లో, న్యూవార్క్‌లో గంటల కొద్దీ చిక్కుకుని ఇంటికి ఫోన్లు చేసింది అప్పుడే. యంత్రానికి ఒకేసారి పెద్ద మొత్తం దొరుకుతుంది, దాని ముందు కూర్చునే మనిషికి నెలనెలా కావాలి. ప్రభుత్వాలకు రెండోది ఎక్కువ బరువుగా తోస్తుంది. కంట్రోలర్‌ను తయారుచేయడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఈ ఏడాది భర్తీ ఆపితే లోటు కనిపించేది నాలుగైదేళ్ళకు, అప్పటికి మంత్రి మారిపోయి ఉంటాడు.

తెలుగువాళ్ళకు గగన ప్రమాదమంటే ముందు గుర్తొచ్చేవి హెలికాప్టర్లు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్నది కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో పడింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. మర్నాడు ఉదయానికి గానీ జాడ దొరకలేదు. ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్ గతే అదైతే అని జనం అనుకున్నారు. ఏ విమానాశ్రయపు బడ్జెట్‌లోకీ రాని ప్రయాణాలివి, ఎన్నికల రుతువు వస్తే ఇప్పటికీ రోజుకు పదిచోట్ల దిగుతుంటాయి.

ఇక రన్‌వే చివర ఏముందన్నది. 2010 మే 22న మంగళూరులో 158 మంది, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 21 మంది పోయారు. రెండూ గుట్ట మీది రన్‌వేలు, రెండూ రన్‌వే దాటి కిందికి జారిన విమానాలు. రన్‌వే తర్వాత కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు చదునైన నేల వదలాలని అంతర్జాతీయ ప్రమాణం. అంత చోటు లేకపోతే చక్రాల కింద నలిగి విమానాన్ని ఆపే తేలిక కాంక్రీటు దిమ్మెలు పరుస్తారు. అమెరికాలో వందకు పైగా రన్‌వే చివరల్లో అవి ఉన్నాయి. మన దగ్గర మంగళూరు తర్వాత వాటి గురించి చర్చ జరిగింది, ఖరీదన్నారు. దగదర్తి చదును నేల, గుట్టల భయం లేదు. ఇప్పుడే 240 మీటర్లు వదిలితే పోయేది కొన్ని ఎకరాలు. తర్వాత ఊరు పెరిగాక అదే చోటు కావాలంటే ఇళ్ళు కూల్చాలి.

దగదర్తికి నిజమైన పోలిక మంగళూరులోనో కోళికోడ్‌లోనో లేదు, దక్షిణ కొరియాలో ఉంది. మువాన్ విమానాశ్రయాన్ని 2007లో తెరిచారు. సముద్రం పక్కన, బురదనేలల మధ్య, ప్రయాణికులు అంతంతమాత్రం. రాజకీయం కోసం కట్టారని అక్కడి పత్రికలు ముందునుంచీ రాస్తూనే ఉన్నాయి. 2024 డిసెంబరు 29న బ్యాంకాక్ నుంచి వచ్చిన జేజు ఎయిర్ బోయింగ్ దిగబోతూ పిట్టల గుంపులోకి పోయింది. తర్వాత చక్రాలు దించకుండానే పొట్ట మీద దిగి, రన్‌వే దాటి, దారి చూపే యాంటెనాల కోసం కట్టిన కాంక్రీటు దిబ్బను గుద్దుకుంది. 181 మందిలో మిగిలింది ఇద్దరు. ఇంజిన్లలో దొరికినవి శీతాకాలంలో గుంపులుగా వచ్చే బాతుల ఈకలు. ఆ దిబ్బ భద్రతా పరికరం కోసమే కట్టింది. ఎత్తుపల్లం చదును చేసే బదులు కాంక్రీటు పోసి యాంటెనా నిలబెట్టారు.

మన తీరంలో పిట్టల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అల్లూరు, విడవలూరు పక్క రొయ్యల గుంటలున్న రైతులు గట్ల మీద అడ్డంగా దారాలు కట్టి, వలలు బిగించి, టపాకాయలు కాల్చి నీటికాకులనూ కొంగలనూ తరుముతుంటారు. తరిమినవి పక్క గుంటకో వరిమడికో పోతాయి. వైరస్ సోకి పంట పోయిన గుంటలో రొయ్యలు తేలినప్పుడు గుంపు ఇంకా పెరుగుతుంది. దక్షిణాన నేలపట్టుకూ పులికాట్‌కూ కొంగలు, రాజహంసలు వేలల్లో వస్తాయి. చట్టం విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల దాకా పశువులను కోయడం, చెత్త పారేయడం నిషేధించింది. రొయ్యల గుంట అందులో ఎక్కడా లేదు. నిషేధించమనీ నేననను, వేల కుటుంబాల బతుకు అది. కానీ పిట్టల మీద ఏడాది పొడవునా కన్నేసి ఉంచే మనుషులు, గుంట ఎండగట్టే రోజులను రైతులతో మాట్లాడి సర్దే పద్ధతి, రన్‌వే పక్క గడ్డి ఎత్తును చూసుకునే ఏర్పాటు, వీటి డబ్బు ఒప్పందంలో ముందే రాయకపోతే తర్వాత కట్టించినవాడు ఇవ్వడు, ప్రభుత్వమూ ఇవ్వదు.

శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కేంద్రంలో ఆ శాఖ చూస్తున్నారు కాబట్టి ఇప్పుడైనా పని కదులుతుందని ఊళ్ళో ధీమాగా అంటున్నారు. కదలవచ్చు. కదిలేటప్పుడు పర్యావరణ ప్రభావ నివేదికలో ఒక్క పేజీని రొయ్యల రైతులు తెరిచి చూడాలి, పిట్టల సర్వే ఏ నెలల్లో చేశారన్నది. పులికాట్ వైపు వలసపక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. మే నెల ఎండలో గట్ల మీద నడిచి లెక్కపెట్టిన పిట్టలతో డిసెంబరులో దిగే విమానానికి ఏమీ తెలియదు.